‘మిల్లీసెకనులో లేస్తుంది’ అనవచ్చా?

సందేహం: లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గురించి తెలుగులో రాస్తూ ‘హై-రిజల్యూషన్ టైమర్ల వల్ల థ్రెడ్ 1 మిల్లీసెకనులో ఖచ్చితంగా నిద్ర లేస్తుంది’ అన్నాను. మిత్రుడు తప్పన్నాడు. తప్పు ‘ఖ’ ఒత్తులోనేనా? ‘స్లీప్’ను (థ్రెడ్, అంటే ప్రోగ్రాములో ఒక పని వరస, కాసేపు ఆగడాన్ని) నిద్ర అనవచ్చా? మిల్లీసెకనును ‘లిప్త’ అంటే బాగుంటుందా?

సమాధానం: ఒత్తు సంగతి చిన్నది. ‘కచ్చితం’ అని ఒత్తు లేకుండా రాయడం మేలు. ‘ఖచితం’ అంటే పొదిగినది (రత్నఖచితం). ఆ అర్థానికి ఇక్కడ చోటు లేదు. అసలు చిక్కు ‘లో’ దగ్గరుంది.

‘గంటలో వస్తాను’ అంటే గంట దాటనివ్వనని మాట ఇవ్వడం. నానోస్లీప్ (థ్రెడ్‌ను అడిగినంత సేపు నిద్రపుచ్చమని కెర్నల్‌ను కోరే పిలుపు) ఇచ్చే మాట దీనికి తలకిందులు: అడిగిన దానికి తగ్గనివ్వను, ఎక్కువ కావచ్చు. ‘మిల్లీసెకనుకు లేస్తుంది’ అన్నా కుదరదు. ‘పదింటికి బస్సు’ లాగా అది సరిగ్గా ఆ వేళనే చూపిస్తుంది. ఇక్కడ అమరేది ‘నిండాక’. పద్దెనిమిదేళ్లు నిండాక ఓటు హక్కు అంటాం. పుట్టినరోజు నాడే వేసి తీరాలని కాదు కదా! అలాగే ‘మిల్లీసెకను నిండాక లేస్తుంది’. మధ్యలో సిగ్నల్ (ప్రోగ్రాముకు అందే కబురు) వస్తే మాత్రం నానోస్లీప్ గడువు నిండకముందే తిరిగొచ్చి, మిగిలిన సమయమెంతో చెబుతుంది. ఆ మినహాయింపు వేరే వాక్యంలో రాయండి.

ఎక్కువెందుకవుతుందో తెలిస్తే క్రియ ఎంపిక కూడా తేలుతుంది. హై-రిజల్యూషన్ టైమర్ల (అతి చిన్న వ్యవధులనూ లెక్కించే టైమర్ల) చట్రం 2006లో 2.6.16తో కెర్నల్‌లోకి వచ్చింది, 2007లో 2.6.21 నుంచి అవి నిజంగా ఆ సూక్ష్మతతో మోగడం మొదలైంది. అంతకు ముందు నిద్రంతా టిక్కుల (కెర్నల్ గడియారం సమాన వ్యవధుల్లో వేసే అడుగుల) లెక్కే. కెర్నల్ లోపల మిల్లీసెకన్ల లెక్కన నిద్రపుచ్చే ఎంస్లీప్‌ది ఇప్పటికీ అదే లెక్క: సెకనుకు 100 టిక్కులైతే ఒక్కోటి 10 మిల్లీసెకన్లు. నడుస్తున్న టిక్కు ఎంత గడిచిపోయిందో తెలియదు కాబట్టి, తక్కువ పడకుండా ఇంకో టిక్కు కలుపుతారు. అలా 1 మిల్లీసెకను అడిగితే 20 దాకా పోవచ్చు. కొత్త టైమర్లతోనూ మామూలు థ్రెడ్‌కు అప్రమేయంగా (మనమేమీ మార్చకపోతే) 50 మైక్రోసెకన్ల దాకా ఆలస్యం కావచ్చనే వెసులుబాటు ఉంటుంది. దగ్గర దగ్గరి మేల్కొలుపులను ఒకేసారి జరిపి విద్యుత్తు ఆదా చేయడానికే ఇది. రియల్-టైమ్ (గడువు తప్పకూడని) థ్రెడ్లకు ఈ వెసులుబాటు సున్నా. ఇంతా అయ్యాక, టైమరు లేపినంతలోనే థ్రెడ్ పని అందుకోదు, సీపీయూలో వంతు రావాలి. అందుకే టైమరు ‘లేపుతుంది’, థ్రెడ్ ‘పని అందుకుంటుంది’ అని రెండు క్రియలు వాడండి.

‘కచ్చితంగా’ను తీసేయండి. రిజల్యూషన్ అంటే గడియారపు కొలతలో అతి చిన్న మెట్టు. దానికి ‘సూక్ష్మత’ సరిపోతుంది. గడియారపు సూక్ష్మతను చెప్పే క్లాక్-గెట్‌రెస్‌ను అడిగితే 1 నానోసెకను అంటుంది. అది సూక్ష్మతే, కచ్చితత్వం కాదు. సెకన్ల ముల్లున్న గోడగడియారం పది నిమిషాలు వెనక నడవవచ్చు!

‘నిద్ర’ నిక్షేపంగా వాడండి. కానీ యూడిలేను (కెర్నల్ లోపల చిన్న ఆలస్యం కోసం వాడే పిలుపును) నిద్ర అనకండి. అక్కడ సీపీయూ వేరే పనికి పోకుండా తిరుగుతూనే కాచుకుంటుంది. నేనైతే జాగారం అంటాను. నిద్ర నిషిద్ధమైన చోట, 10 మైక్రోసెకన్ల లోపు చిన్న ఆలస్యాలకు అదే గతి. ఆ పైన 20 మిల్లీసెకన్ల దాకా యూస్లీప్-రేంజ్ అనే నిద్ర పిలుపు. దీనికి కనీసం, గరిష్ఠం రెండూ ఇస్తారు కాబట్టి ‘నుంచి... లోపు’ అని రాయవచ్చు. మీ ‘లో’కు కాస్త చోటున్నది ఇక్కడే, అదీ ‘లోపు’గా.

‘లిప్త’ వద్దు. ‘నిమిషం’ సంస్కృతంలో రెప్పపాటు, మనకిప్పుడు అరవై సెకన్లు. ఇలా అర్థం జారిన మాటలకు కొలత అంటగడితే చదువరికి లెక్క తప్పుతుంది. మిల్లీసెకను, మైక్రోసెకను అనే రాయండి, బహువచనం ‘సెకన్లు’.