స్కూబా ఫామ్‌లో అన్నిటికీ 'కాదు' అని పెట్టేయొచ్చా డాక్టర్?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, మాది కాకినాడ. సంక్రాంతి సెలవుల్లో కుటుంబంతో అండమాన్ వెళ్తున్నాం, ఇంకా నాలుగు నెలల టైముంది. హ్యావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేయాలని ఉంది. నాకు ఐదేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్‌తో గ్లిమిపిరైడ్ కలిపిన మాత్ర వాడుతున్నాను, రెండూ కంట్రోల్‌లోనే ఉన్నాయి. చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము కారేది, ఇప్పుడేమీ లేదు. మా ఆవిడకు చలికాలంలో ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడుతుంది. బాబుకి 12 ఏళ్లు. మాకెవరికీ ఈత సరిగ్గా రాదు. డైవ్ సెంటర్ వాళ్ల హెల్త్ ఫామ్‌లో ఒక్కదానికి 'అవును' అని పెట్టినా డాక్టర్ సంతకం అడుగుతున్నారు. అన్నిటికీ 'కాదు' అని పెట్టేయమని అక్కడికి వెళ్లొచ్చిన ఫ్రెండ్ అంటున్నాడు. దిగేది 12 మీటర్ల లోపే కదా, పర్లేదంటారా? - ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సలహా పక్కన పెట్టండి. ఆ ఫామ్ సెంటర్ వాళ్లు రేపు తమ మీదకు రాకుండా రాయించుకునే కాగితమని చాలామంది అనుకుంటారు, అందులో కొంత నిజం లేకపోలేదు, కానీ దాంట్లో అడిగేవన్నీ నీళ్లలో ప్రాణం మీదకు తెచ్చే విషయాలే. పైగా మీరు దాచాల్సింది ఒకటో రెండో కాదు. 45 దాటిన వయసు, బీపీ, షుగర్, చెవి, ఇలా నాలుగున్నాయి. ఇవన్నీ దాచిపెట్టి దిగితే, కింద మీరు ఉన్నట్టుండి మందకొడిగా అయిపోతే అది భయమో, షుగర్ పడిపోవడమో మీ చెయ్యి పట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్‌కి ఎలా తెలుస్తుంది? 'అవును' అని రాసినంత మాత్రాన ట్రిప్ క్యాన్సిల్ కాదు. ఒక డాక్టర్ మిమ్మల్ని చూసి సంతకం పెట్టాలి, అంతే.

ఇక 12 మీటర్లేగా అన్నారు చూడండి, అసలు పొరపాటు అక్కడుంది. 10 మీటర్ల కిందకు వెళ్లేసరికి శరీరం మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, అంటే పైన లీటరున్న గాలి అక్కడ అర లీటరుకు కుంచించుకుపోతుంది. ఇంకో 10 మీటర్లు దిగితే అది మూడో వంతు దగ్గర ఉంటుంది. పెద్ద మార్పంతా మొదటి 10 మీటర్లలోనే జరిగిపోతోంది. మన ఒంట్లో గాలి ఉండే చోట్లు చెవి, సైనస్, ఊపిరితిత్తులు. వాటికి దెబ్బ తగిలేది ఎక్కువగా నీటి పైభాగంలోనే, కొత్తవాళ్లు తిరిగే లోతులోనే. సొరచేపలుంటాయా అని అడిగేవాళ్లు కనిపిస్తారు గానీ, చెవి సంగతి అడిగేవాళ్లు అరుదు.

మీ చెవితోనే మొదలుపెడదాం. చిన్నప్పుడు చీము కారిన చెవిలో కర్ణభేరికి చిల్లు మిగిలిపోయి ఉండొచ్చు, లేదా మూసుకున్నా ఆ చోట పొర పలచగా ఉండొచ్చు. బయట దాని వల్ల మీకే ఇబ్బందీ ఉండదు. సముద్రంలో మాత్రం ఆ చిల్లులోంచి చల్లటి నీళ్లు లోపలికి పోతే ఒక్కసారిగా కళ్లు తిరుగుతాయి, పైకెటో కిందకెటో తెలియదు, వాంతి వచ్చేస్తుంది. అందుకే ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. డైవింగ్‌కి వెళ్తున్నానని చెప్పి, ముక్కు మూసుకుని గాలి ఊదుతుంటే కర్ణభేరి కదులుతోందో లేదో చూడమని అడగండి. చిల్లుంటే ఈ ట్రిప్‌లో డైవింగ్ లేనట్టే, అందులో బేరాల్లేవు.

చెవి బాగుందన్నారనుకోండి, అప్పుడు నేర్చుకోవాల్సింది గాలి సర్దుకోవడం. అరకు ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బడేస్తే గుటక వేస్తాం కదా, ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ చెవులు మూసుకుపోయేదాకా ఆగకూడదు. తల నీళ్లలో మునిగే ముందే ఒకసారి ముక్కు పట్టుకుని, నోరు మూసి, మెల్లగా ఊదండి. టక్ మని చిన్న శబ్దం వస్తుంది. దిగుతున్న ప్రతి మీటరుకీ, వీలైతే అంతకన్నా ముందే, మళ్లీ చెయ్యండి. తల కిందకు పెట్టి కాకుండా కాళ్లు కిందకుంచి, తాడుంటే దాన్ని పట్టుకుని నిదానంగా దిగితే సులువు. నొప్పి మొదలైతే ఇన్‌స్ట్రక్టర్‌కి చెవి చూపించి సైగ చేసి, ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ తెరుచుకోకపోతే ఆ డైవ్ అక్కడితో ఆపేయడమే. పంతానికి పోయి గట్టిగా ఊదితే లోపలి చెవిలోని సున్నితమైన పొర చిరిగిపోవచ్చు, వినికిడి శాశ్వతంగా పోయినవాళ్లున్నారు. జలుబుంటే దిగొద్దు. ముక్కులో చుక్కలేసుకుని మేనేజ్ చేద్దామనుకుంటారు, మందు పనితనం నీళ్లలో ఉండగా తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుంటుంది, అది ఇంకా బాధ.

మీ షుగర్ విషయంలో నాకు మెట్‌ఫార్మిన్ గురించి బెంగ లేదు, గ్లిమిపిరైడ్ గురించే ఉంది. అది షుగర్‌ని మరీ కిందకు లాగేయగలదు. ఇంట్లో అయితే చెమట పట్టి, చేతులు వణికి మీకే తెలిసిపోతుంది. నీళ్లలో చెమట కనపడదు, వణుకు చలి అనుకుంటారు. మీ షుగర్ డాక్టర్‌తో మాట్లాడి, షుగర్ పడేయని వేరే మందుకు మారే వీలుందేమో అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. మందు మారాక కనీసం 3 నెలలు నిలకడగా ఉన్నాకే డైవింగ్ అన్నది డైవింగ్ వైద్యులు పాటించే పద్ధతి, అందుకే ఈ వారంలోనే వెళ్లండి. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9 దాటితే అసలు వద్దంటారు. డైవ్ రోజు దిగడానికి గంట ముందు, అరగంట ముందు, దిగబోయే ముందు మూడుసార్లు షుగర్ చెక్ చేసుకోవాలి, 150కి పైనే ఉండాలి, పడిపోతూ ఉండకూడదు. గ్లూకోమీటర్, గ్లూకోజ్ బోటులో మీ దగ్గరే పెట్టుకోండి. హోటల్ గదిలో ఉంటే ఏం లాభం?

బీపీ టెల్మిసార్టాన్‌తో అదుపులో ఉంటే సాధారణంగా అడ్డం కాదు. కానీ 40 దాటిన షుగర్ పేషెంట్లకు గుండెకు రక్తం తగ్గినా నొప్పి తెలియకపోవచ్చు, కాబట్టి కార్డియాలజిస్ట్ దగ్గర టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకున్నాకే సంతకం తీసుకోండి. అలలకు ఎదురీదాల్సి వస్తే గుండె మీద పడే భారం మామూలుగా ఉండదు.

మీ ఆవిడ విషయంలో కాస్త కఠినంగా చెప్తాను, ఏమీ అనుకోకండి. చలికి ఆయాసం వచ్చేవాళ్లకు స్కూబా వద్దు. సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది, అదే చాలు ఆయాసం తెప్పించడానికి. శ్వాసనాళాలు బిగుసుకుని గాలి లోపల చిక్కుకుపోతే, పైకి వస్తున్నకొద్దీ అది ఉబ్బుతుంది, ఊపిరితిత్తి చిట్లి గాలి బుడగ రక్తంలోకి వెళ్తే మెదడుకు ప్రమాదం. 'అయితే సీ వాక్ చేయిద్దాం, అందులో ఈత అక్కర్లేదు, తలకు హెల్మెట్ ఉంటుంది' అని అక్కడ ఎవరో ఒకరు అంటారు. అదీ ఒత్తిడితో పంపే గాలే, ప్రమాదం అదే. ఆవిడకు మంచిది లైఫ్ జాకెట్‌తో స్నార్కెలింగ్ (నీటి మీదే తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ కిందకు చూడడం), లేదా అద్దాల అడుగు పడవ. ఎలిఫెంట్ బీచ్‌లో లోతు లేని చోటే పగడాలు కనిపిస్తాయి, మిస్సయ్యేదేమీ పెద్దగా ఉండదు. స్నార్కెలింగ్‌కి కూడా ఆ రోజు ఆయాసం లేకపోతేనే, ఇన్‌హేలర్ పడవలో ఉంచుకునే.

బాబుకి 12 కాబట్టి వయసు అడ్డు కాదు, 10 ఏళ్ల నుంచి అనుమతిస్తారు. వాడికి నిజంగా ఇష్టముందా అన్నది చూడండి. నాన్న డబ్బులు కట్టేశాడు కాబట్టి దిగే పిల్లలు కింద భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తారు. స్కూబాలో అన్నిటికన్నా ముఖ్యమైన రూలు ఊపిరి బిగబట్టకూడదు అన్నదే, పెద్దలకైనా సరే. ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి అలా వచ్చినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు.

మొదటిసారి సరదాగా చేసే డైవ్‌కి ఈత రావాలన్న నియమం లేదు, నిజమే. కానీ ముఖం నీళ్లలో పెట్టి నోటితో మాత్రమే గాలి పీల్చడం కొత్తవాళ్లకు ఎంత టెన్షనో తెలుసా? ఒక మాస్క్, స్నార్కెల్ కొనుక్కుని మీ ఊళ్లో ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో మీరూ బాబూ వారానికి రెండు మూడు రోజులు సాధన చెయ్యండి. మాస్క్‌లోకి నీళ్లొస్తే పై అంచు నొక్కి ముక్కుతో ఊది బయటకు పంపడం అక్కడే అలవాటు చేసుకోండి.

ముందురోజు రాత్రి మద్యం వద్దు, నీళ్లు బాగా తాగండి. పడవలో వాంతులయ్యే అలవాటుంటే వేసుకునే మాత్రల్లో కొన్ని బాగా నిద్ర తెప్పిస్తాయి, డాక్టర్‌ని అడిగి ముందే ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని చూడండి. పగడాలను ముట్టుకోవద్దు, వాటి గీతలు మానడానికి చాలా రోజులు పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీను.

టికెట్లు ఇంకా బుక్ చేయకపోతే ఇది చూసుకోండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేనైతే 24 గంటలు ఉంచుకోమంటాను. ఒంట్లో కరిగిన నైట్రోజన్, విమానంలో ఒత్తిడి తగ్గగానే బుడగలు కట్టే ప్రమాదముంది. అందుకే హ్యావ్‌లాక్ ముందు పెట్టుకుని, సెల్యులార్ జైలు చివరి రోజుకు ఉంచుకోండి. ఓడ ప్రయాణానికి ఈ ఇబ్బంది లేదు. డైవ్ తర్వాత ఒక రోజులోపు కీళ్ల నొప్పి, తిమ్మిర్లు, ఒంటి మీద మచ్చలు, కళ్లు తిరగడం, కాలు తడబడడం లాంటివి కనిపిస్తే బరువులు మోశాంలే అనుకుని పారాసెటమాల్ వేసుకుని పడుకోవద్దు. వెంటనే ఆక్సిజన్ పెట్టించి, పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డబ్బులు కట్టే ముందే సెంటర్ వాళ్లను రెండు అడగండి: మీ బోటులో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, ఏమైనా అయితే ప్రెషర్ చాంబర్‌కి (ఒత్తిడి పెంచి ఆ బుడగలను తగ్గించే గది) ఎక్కడికి, ఎలా పంపుతారు? 'ఏం కాదు సార్, రోజూ వందమంది దిగుతారు' అన్నది జవాబైతే ఇంకో సెంటర్ చూసుకోండి.