పాఠకుల ప్రశ్నలు: బ్రౌన్ గారి వ్యాపకం, మన ఇంటి ఉత్తరాలు

కిందటి సంచికలో ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ కూర్చిన తెలుగు నిఘంటువు గురించి వేసిన చిన్న వ్యాసం చదివి చెన్నై పాఠకులు పలువురు ఉత్తరాలు రాశారు. అన్నిటికీ జవాబు చెప్పడానికి చోటు చాలదు కనుక, ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న మూడింటిని ఈసారి తీసుకుంటున్నాను.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. బ్రౌన్ ఈస్టిండియా కుంపెనీ కొలువులో జీతం తీసుకుంటూ, తీరిక దొరికినప్పుడు సరదాకి తెలుగు పుస్తకాలు పోగుచేశారనీ, దాన్ని మనం ఇంత గొప్పగా చెప్పుకోనక్కరలేదనీ మా మిత్రులొకరు వాదిస్తున్నారు. ఆయన తాటాకులనే చూశారా, వాటి వెనుక బతికిన మనుషులను కూడా చూశారా? మీ అభిప్రాయం తెలియజేయగలరు. (పెరంబూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు)

జవాబు: మాస్టారూ, మీ మిత్రుల మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను కాదనను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, ఇంగ్లండులో చదువుకొని, 1817లో మద్రాసు చేరినప్పుడు ఆయనకు తెలుగు రాదు. కుంపెనీ కొలువులో చేరిన కుర్రవాళ్లు దేశభాషలు నేర్చుకొని పరీక్ష ఇవ్వాలన్న నియమం ఉన్నందువల్ల సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద అక్షరాలు దిద్దారు. మన నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు అన్న పేరు ఆ కళాశాల వల్లనే వచ్చింది. అంతవరకు అది ఉద్యోగం కోసం నేర్చిన భాషే. 1820లో కడపకు వెళ్లాక చేసిన పని మాత్రం ఏ పై అధికారీ చెయ్యమనలేదు, దానికి జీతమూ ఎవరూ ఇవ్వలేదు. పండితులను, లేఖకులను సొంత డబ్బుతో పోషించారు, అందుకోసం అప్పులపాలయ్యారు. తాను కడపలో కొన్న బంగళాలోనే వాళ్లకు పని చేసుకునే వసతి కల్పించారు. ఈనాడు అక్కడే ఆయన పేర గ్రంథాలయం ఉంది.

సరదా అన్న మాటను తేలికగా వాడకూడదని నా మనవి. కూడు పెట్టని వ్యాపకం కోసం మనిషి చేతి డబ్బు, కంటిచూపు, నిద్ర ఖర్చుపెట్టుకుంటున్నాడంటే, ఆ పని మీద అతనికున్న ప్రేమకు వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆయన పద్ధతినే చూడండి: ఒక కావ్యం కావాలనుకుంటే దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించేవారు, పాఠాలను ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు సరిచేసి, కాగితం మీద శుభ్రప్రతి రాయించి, పదాల పట్టిక కట్టించేవారు. ఆ పని నెలల తరబడి సాగేది. మనుచరిత్ర 1851లో అచ్చులోకి వచ్చినప్పుడు దానికి జూలూరి అప్పయ్య గారి వ్యాఖ్య తోడుగా ఉంది. అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి వంటివారి పేర్లు ఆయన పేరు పక్కన పెట్టకుండా ఈ కథ చెప్పడం అన్యాయం. మీ మిత్రులు ఆ మాట అని ఉంటే నేను నూటికి నూరుపాళ్లు ఒప్పుకునేవాణ్ని.

ఇక మనుషులను చూశారా అన్న ప్రశ్న. ఆయన తెలుగులో మొదట మనసు పారేసుకున్నది ప్రబంధాల మీద కాదు, వేమన మీద. ఫ్రెంచి మతగురువు అబే డుబ్వా రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టారు. పండితులు చిన్నచూపు చూసినా రచ్చబండ దగ్గర, పొలం గట్ల మీద జనం నోట ఆడుతున్న పద్యాలవి. వాటిలో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసులో అచ్చువేయించారు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు ఒక జాతి సాహిత్యంలోకి ఏ తలుపు తీసుకొని అడుగుపెట్టాడన్నది చిన్న విషయం కాదు. రాజాస్థానం తలుపు దగ్గరగానే ఉన్నా బ్రౌన్ ఊరి తలుపు తట్టారు.

1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా ఆ తలుపు గుండా వచ్చినదే. వ్యవహారంలో వాడే భాషనూ, కావ్యభాషనూ రెండింటినీ వివరిస్తున్నామని దాని పేరులోనే చెప్పారు. అంతకుముందు పండితుల నిఘంటువులకు సంతలో పలికే మాట కంటికి ఆనేది కాదు. తరువాత రెండేళ్లకు, 1854లో, మిశ్రభాషా నిఘంటువును విడిగా తెచ్చారు. సర్కారు కచేరీల్లో, బజార్లలో, సైన్యంలో తెలుగువాళ్లు వాడుతున్న ఫారసీ, హిందుస్తానీ మాటలు అందులో చేరాయి. జవాబు, రసీదు, హాజరు, మంజూరు, ఖర్చు: ఇవి లేకుండా మనం ఒక రోజు గడపగలమా చెప్పండి. శుద్ధమైన తెలుగు ఏదన్న తగాదా జోలికి పోకుండా, జనం నోట ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకోవాలని ఆయన నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం నాకు ఆయన పరిష్కరించిన కావ్యాలన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను పుట్టి పెరిగింది వేళచ్చేరిలో. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివి, తెలుగు అక్షరాలు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. బ్రౌన్ కాలంలో మామూలు మనుషులు ఒకరికొకరు రాసుకున్న తెలుగు ఎలా ఉండేదో చదవాలని ఉంది. అప్పట్లో వార్తలు తెలుగులో వచ్చేవా? (ఒక యువ పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ అమ్మమ్మగారికి ముందుగా నా నమస్కారాలు చెప్పండి. మీరు వెతుకుతున్నది దాదాపు అలాగే ఒక పుస్తకంలో దొరుకుతుంది. 1852లో బ్రౌన్ తెలుగు రీడర్ అన్న పాఠ్యపుస్తకం అచ్చువేశారు. కొత్తగా వచ్చే దొరలకు తెలుగు నేర్పడానికి కూర్చిన ఆ పుస్తకంలో భారతమూ భాగవతమూ కాక, సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు ఇంగ్లీషు అనువాదంతో సహా ఉన్నాయి. కచేరీలో రైతు అర్జీ పెట్టుకుంటే దాన్ని చదవగలగడమే ఆ కుర్ర ఉద్యోగులకు కావలసిన చదువని ఆయన గ్రహించారు. ఆనాటి గ్రాంథిక పాఠాలు చదివినవాడికి ఆ అర్జీ కొరుకుడు పడేది కాదు.

ఈ పుస్తకం సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మరొక విషయం గుర్తుకు వస్తుంది. 1846 నుంచి ఆయన మద్రాసులో తపాలా శాఖకు అధిపతి. పగలంతా ఊళ్ల మధ్య తిరిగే ఉత్తరాల సంచులు ఆయన అజమాయిషీలో నడిచేవి; ఇంటికి వచ్చాక ఉత్తరాల భాషను పాఠంగా కూర్చేవారు. ఉద్యోగమూ వ్యాపకమూ ఇంతగా ఒకదానికొకటి దగ్గరగా వచ్చిన సందర్భం ఆయన జీవితంలో ఇంకొకటి నాకు కనిపించలేదు.

రాజకీయ వార్తల రుచి కావాలంటే ఆయన 1853లో తెచ్చిన రాజుల యుద్ధములు చదవండి. అది అనంతపురం సంస్థానపు చరిత్ర, గ్రామ కరణాల నోటి తెలుగుకు బాగా దగ్గరగా ఉంటుంది. 1855 నాటి తాతాచార్యుల కథలు మీకు ఇంకా నచ్చుతాయి. వచనం సాఫీగా నడుస్తుంది, అమ్మమ్మగారికి గట్టిగా చదివి వినిపించవచ్చు. పత్రికల సంగతికి వస్తే, సయ్యద్ రహమతుల్లా అనే ముస్లిం పెద్దమనిషి 1842లో వర్తమాన తరంగిణి అన్న తెలుగు వారపత్రికను మన చెన్నపట్నంలోనే నడిపారు. తెలుగు వార్తాపత్రికల తొలి అడుగులు కృష్ణా గోదావరి తీరాల్లో కాక ఈ ఊరి అచ్చుకూటాల్లో పడ్డాయన్నది చెన్నై తెలుగు పిల్లలందరికీ తెలియవలసిన విషయం.

బ్రౌన్‌ను మెచ్చుకుంటూనే ఒక చోట ఆయనతో విభేదించక తప్పదు. 1825 నాటికి తెలుగు సాహిత్యం చచ్చిపోయి ఉందనీ, ముప్పై ఏళ్లలో దానికి తాను ప్రాణం పోశాననీ ఆయన రాసుకున్నారు. ఎన్నో సభల్లో ఈ మాటను ఒక సత్యవాక్యంలా వల్లించడం విన్నాను. కానీ సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను మరొకరికి వారి భాషలో చెప్పేవారిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో నూరుమందికి పైగా పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారి పొడుగునా చూసినవన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి ఉత్తరాలుగా రాశారు. ఏ ఊరు ఎంత దూరం, బస ఎక్కడ దొరుకుతుంది, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏ సామాను దొరుకుతుంది, అక్కడి మనుషుల ఆచారాలేమిటి: ఇవన్నీ వాడుకకు దగ్గరైన వచనంలో ఉన్నాయి. ఆయన కన్నుమూశాక 1838లో కాశీయాత్ర చరిత్రగా అది అచ్చయింది. చచ్చిపోయిన భాషలో ఇటువంటి పుస్తకం పుట్టదు. ప్రబంధపు వెలుగు తగ్గి ఉండవచ్చు; ఇంటి భాష మాత్రం నిండుగా బతికే ఉంది. ఆ సంగతి బ్రౌన్‌కు కూడా తెలుసునని ఆయన తెలుగు రీడరే చెబుతోంది.

ప్రశ్న: జార్జిటౌన్‌లో మా మామగారి పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. అటక మీద రెండు ట్రంకు పెట్టెల నిండా తెలుగు ఉత్తరాలు, కొట్టు లెక్కల పుస్తకాలు, ఒక తాటాకుల కట్ట దొరికాయి. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. కాగితాలు కిలోల లెక్కన వేసేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, దయచేసి వేసేయకండి. తెలుగు రీడర్‌లో బ్రౌన్ చేర్చినవి మీ పెట్టెల్లో ఉన్నటువంటి కాగితాలే.

ముందుగా ఏ పెట్టెలో ఏది ఏ వరసలో ఉందో ఆ వరస చెడకుండా ఫొటోలు తీయించండి. తాడు కట్టి ఉన్న ఉత్తరాల కట్టను విప్పి తేదీల ప్రకారం సర్దాలన్న తొందర వద్దు, ఎందుకంటే వాటిని కలిపి కట్టినవారికి ఒక కారణం ఉండి ఉంటుంది. తుప్పు పట్టిన గుండుసూదులను మెల్లగా తీసేయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. ఆ జిగురు కొన్నేళ్లకు కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి తినేస్తుంది. ఎండలో ఆరబెట్టవద్దు. మన ఊరి ఉక్కపోతలో ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది కనుక, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నేలకు, తడిగోడకు దూరంగా ఎత్తైన చోట పెట్టండి.

తేదీ తెలుసుకోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. ఉత్తరం పైన ప్రభవ, విభవ అంటూ తెలుగు సంవత్సరం పేరు ఉంటే, అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుందని గుర్తుంచుకోండి. ప్రభవ 1927 ఉగాదికి వచ్చింది, మళ్లీ 1987లో వచ్చింది. ఈ రెండింటిలో ఏదన్నది తపాలా ముద్ర, బిళ్ల మీది బొమ్మ చెప్పేస్తాయి. లెక్కల పుస్తకాల్లో అణాలు కనిపిస్తే అవి దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందువే. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు లెక్క. వీశెలు, మణుగులు, పడులు అన్న పాత కొలతలు ఏ సరుకు పక్కన రాసి ఉన్నాయో చూస్తే మీ మామగారి కొట్టు ఏమి అమ్మిందో, ఏ నెలలో గిరాకీ పెరిగిందో బోధపడుతుంది.

తాటాకుల కట్ట జోలికి మాత్రం మీరు వెళ్లవద్దు. ఆకులు ఎండిపోయి ఉంటే విప్పగానే విరుగుతాయి. కోట్టూర్పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. 1869లో ఏర్పడిన ఆ సంస్థ పునాదిలో కాలిన్ మెకంజీ, జాన్ లేడెన్ సేకరణలతో పాటు బ్రౌన్ సేకరణ కూడా ఉంది. అక్కడి వారికి తాటాకులకు నిమ్మగడ్డి నూనె పట్టించి మళ్లీ మెత్తబరచడం, వెలిసిన గీతల్లో మసి నింపి అక్షరం తేల్చడం తెలుసు. కట్టను ఇచ్చేయవలసిన అవసరం లేదు. అందులో ఏముందో చూపించుకుంటే చాలు, ఆ పైన నిర్ణయం మీది.

ఉత్తరాల విషయంలో ఒక కోరిక. మీ అత్తగారు ఉన్నారని రాశారు కాదు గానీ, ఆ తరం వారు ఎవరు ఉన్నా వచ్చే ఆదివారమే కూర్చోబెట్టి, ఒక్కొక్క ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో, వాళ్లు మీకు ఏమవుతారో అడిగి తెలుసుకోండి. పెన్నుతో కాక పెన్సిలుతో, ఉత్తరం మీద కాక విడి కాగితం మీద రాసి జత చేయండి. పిల్లలకు చదవడం రాకపోయినా వినడం వచ్చు కనుక, వాళ్ల చేతికి ఫోను ఇచ్చి ఆ మాటలు రికార్డు చేయమనండి. ఒక ఉత్తరం నకలు నాకు పంపితే, మీ అనుమతితో, అందులోని మాటలకు అర్థాలు ఇదే శీర్షికలో రాస్తాను.