తెర మీద మాయమైన చెక్‌డిస్క్ ఫలితం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: కంప్యూటర్ కొన్నాళ్లుగా నెమ్మదించడంతో సి డ్రైవ్‌కు ఎర్రర్ చెకింగ్ పెట్టాను. డ్రైవ్ వాడకంలో ఉంది కాబట్టి మళ్లీ స్టార్ట్ అయినప్పుడు తనిఖీ చేయమంటారా అని విండోస్ అడిగితే సరేనన్నాను. రాత్రి రీస్టార్ట్ చేసి పడుకున్నాను. తెల్లవారి చూసేసరికి ఎప్పటిలాగే లాగిన్ తెర కనిపించింది తప్ప, తనిఖీ పూర్తయిందో లేదో, దోషాలేమైనా బయటపడ్డాయో లేదో ఎక్కడా చెప్పలేదు. ఆ ఫలితాన్ని ఇప్పుడు చూడడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. తెర మీది అక్షరాలు పోయాయి కానీ ఫలితం పోలేదు. అది ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టాలో భద్రంగా ఉంటుంది. అయితే చాలామంది అక్కడికి వెళ్లి ఎర్రర్ చెకింగ్ చేసే విండోస్ ప్రోగ్రామ్ పేరైన ‘చెక్‌డిస్క్’ కోసం వెతికి, కనిపించక వెనుదిరుగుతారు. మీరు చేయించినటువంటి తనిఖీ ఆ పేరుతో నమోదు కాకపోవడమే అందుకు కారణం.

విండోస్ నడుస్తున్నంతసేపూ సి డ్రైవ్‌ను అదే వాడుకుంటూ ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా తన అధీనంలోకి తీసుకుని సరిచేయడం చెక్‌డిస్క్‌కు వీలుపడదు. అందుకే విండోస్ ఇంకా పూర్తిగా లేవకముందే, ఆటోచెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని ముగిస్తుంది. ఆ సమయానికి ఈవెంట్ చిట్టా రాసే వ్యవస్థ కూడా మేలుకుని ఉండదు. అది మేలుకున్నాక, విండోస్‌ను ప్రారంభించే భాగమైన విన్‌ఇనిట్ ఆ నివేదికను తెచ్చి చిట్టాలో రాస్తుంది. కాబట్టి మీరు వెతకవలసిన పేరు విన్‌ఇనిట్, ఈవెంట్ ఐడీ (నమోదు రకాన్ని తెలిపే సంఖ్య) 1001. విస్టా నుంచి విండోస్ 11 వరకు ఇదే పద్ధతి. పాత ఎక్స్‌పీలో మాత్రం అదే 1001 విన్‌లాగాన్ పేరుతో ఉండేది.

స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే జాబితాలో ఈవెంట్ వ్యూయర్ ఉంటుంది. అది తెరిచాక ఎడమ పక్కన విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్ అన్నవి ఎంచుకోండి. వేల వరుసలు ఒక్కసారిగా కనిపిస్తాయి, కంగారు పడనక్కరలేదు. కుడి పక్కనున్న ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ సోర్సెస్ జాబితాలో విన్‌ఇనిట్‌కూ, చెక్‌డిస్క్‌కూ రెండింటికీ టిక్ పెట్టి ఓకే అనండి. కేవలం 1001 అన్న సంఖ్య ఇచ్చి వెతికితే సరిపోదు. ప్రోగ్రాములు కుప్పకూలినప్పుడు విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ కూడా ఇదే అప్లికేషన్ లాగ్‌లో ఇదే సంఖ్యతో నమోదు చేస్తుంది కాబట్టి, కావలసిన వరుస వాటి మధ్య కలిసిపోతుంది.

మిగిలిన వరుసల్లో తేదీ, సమయం మీ రీస్టార్ట్‌కు సరిపోయేదాన్ని తెరవండి. ‘చెకింగ్ ఫైల్ సిస్టమ్ ఆన్ సి’ అన్న మాటతో మొదలయ్యే పొడవాటి పాఠం జనరల్ అన్న భాగంలో ఉంటుంది. ఆ పెట్టె మరీ ఇరుకు. అందులోనే తంటాలు పడి చదివే బదులు కింద ఉన్న కాపీ బటన్ నొక్కి, నోట్‌ప్యాడ్‌లో అతికించి, తేదీ పేరుతో దాచుకోవడం మేలు. మరో నెల తరువాత ఇంకోసారి తనిఖీ చేసినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే వీలుంటుంది. ఒక్క నివేదిక కంటే ఇలాంటి పోలికే డ్రైవ్ గురించి ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: విన్‌ఇనిట్ పేరుతో వెతికాను, ఒక్క వరుస కూడా రాలేదు. అంటే తనిఖీ జరగనట్టేనా?

జవాబు: అలా అనుకోవడానికి లేదు. ముందుగా ఆ తనిఖీ ఏ దారిలో జరిగిందో గుర్తు తెచ్చుకోవాలి. విండోస్ నడుస్తుండగానే, అంటే డ్రైవ్ ప్రాపర్టీస్‌లోని టూల్స్ నుంచో, కమాండ్‌లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ నుంచో చేయించి ఉంటే ఫలితం అదే అప్లికేషన్ లాగ్‌లో చెక్‌డిస్క్ పేరుతోనే ఉంటుంది. అప్పుడు ఐడీ సంఖ్యలు వేరు. ఏదీ సరిచేయకుండా చూసి మాత్రమే వచ్చినప్పుడు 26212, సరిచేసే అనుమతితో నడిచినప్పుడు 26214, విండోస్ 8 నుంచి వచ్చిన ఆన్‌లైన్ స్కాన్ అయితే 26226. రెండో డ్రైవ్‌కో, పెన్‌డ్రైవ్‌కో చేయించిన తనిఖీలు సాధారణంగా ఈ కోవలోకే వస్తాయి. టూల్స్ ద్వారా చేసినవారికి మరో సులువుంది. స్కాన్ ముగిశాక వచ్చే పెట్టెలో షో డీటెయిల్స్ అన్నది నొక్కితే ఈవెంట్ వ్యూయర్ తానే తెరుచుకుంటుంది.

కంప్యూటర్ అసలు లేవకపోతే రికవరీ వాతావరణంలోని (విండోస్ లేవనప్పుడు మరమ్మతు కోసం తెరుచుకునే తెరలోని) కమాండ్ ప్రాంప్ట్‌లో తనిఖీ చేసేవారి సంగతి వేరు. అక్కడ రాసుకోవడానికి చిట్టా అందుబాటులో ఉండదు. నివేదిక చివర ‘ఫెయిల్డ్ టు ట్రాన్స్‌ఫర్ లాగ్డ్ మెసేజెస్ టు ది ఈవెంట్ లాగ్ విత్ స్టేటస్ 50’ అని కనిపించి చాలామందిని హడలెత్తిస్తుంది. డ్రైవ్‌లో ఏదో లోపం ఉందని దాని అర్థం కాదు, ఫలితాన్ని చిట్టాకు చేర్చలేకపోయానని మాత్రమే. అలాంటి చోట తెర మీదే చదువుకోవాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. కమాండ్ చివర గ్రేటర్ దేన్ గుర్తు (>) పెట్టి, పెన్‌డ్రైవ్‌లోని ఒక ఫైలు పేరు ఇస్తే నివేదిక మొత్తం అందులోకి వెళుతుంది కానీ, తనిఖీ సాగుతున్నంతసేపూ తెర మీద ఏమీ కనిపించదు. ఇంకో జాగ్రత్త. రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవడం మామూలే, మీరు సి అనుకున్నది అక్కడ డి కావచ్చు. మీ ఫోల్డర్లు ఏ అక్షరం కింద ఉన్నాయో చూసుకున్నాకే కమాండ్ ఇవ్వండి.

వరుస దొరకకపోవడానికి కాలం కూడా కారణం కావచ్చు. మార్పులు చేయకుండా వదిలేసిన అప్లికేషన్ లాగ్‌కు 20 మెగాబైట్ల హద్దు ఉంటుంది. అది నిండగానే కొత్త వరుసలు పాతవాటిని తుడిచేసుకుంటూ వస్తాయి. అలా పోయినా, విండోస్ 8, ఆ తరువాతి వెర్షన్లలో సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాగి ఉన్న ఫోల్డర్‌లో, చెక్‌డిస్క్ అన్న ఉప ఫోల్డర్‌లో నివేదిక ప్రతి మిగిలి ఉండే అవకాశం ఉంది. అయితే అడ్మినిస్ట్రేటర్‌ను కూడా విండోస్ ఆ ఫోల్డర్‌లోకి నేరుగా రానివ్వదు. దాని అనుమతులు మార్చడం కంటే తనిఖీ మరోసారి చేయించుకోవడమే తేలిక, క్షేమం కూడా.

చివరి సందేహం, తనిఖీ నిజంగానే జరగలేదేమో అన్నది. రీస్టార్ట్‌కు బదులు షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసి ఉంటే అలా జరగవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్లు షట్‌డౌన్‌లో పూర్తిగా ముగిసిపోవు, విండోస్ మూలభాగాన్ని డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే అక్కడి నుంచే లేస్తాయి. రీస్టార్ట్ అలా కాదు, ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంది. తనిఖీ మొదలయ్యే ముందు కొన్ని సెకన్లపాటు ఏదైనా మీట నొక్కి రద్దు చేసుకునే అవకాశం కూడా ఇస్తారు. ఆ క్షణంలో కీబోర్డు మీద చెయ్యి పడినా తనిఖీ ఆగిపోతుంది.

ప్రశ్న: నివేదిక దొరికింది కానీ అర్థం కాలేదు. ‘క్లీనింగ్ అప్ అన్‌యూజ్డ్ ఇండెక్స్ ఎంట్రీస్’ అన్న వరుసలు కొన్ని, ‘విండోస్ హ్యాజ్ మేడ్ కరెక్షన్స్ టు ది ఫైల్ సిస్టమ్’ అన్న వాక్యం, కింద ‘4 కేబీ ఇన్ బ్యాడ్ సెక్టర్స్’ అని ఉన్నాయి. డ్రైవ్ పాడైపోయినట్టేనా?

జవాబు: మీరు చెప్పిన మూడు మాటల్లో మొదటిది పట్టించుకోనక్కరలేదు, రెండోది గమనించి వదిలేయవచ్చు, మూడోదాని దగ్గర మాత్రం ఆగాలి.

వాడకంలో లేని ఇండెక్స్ ఎంట్రీలు (ఫోల్డర్లలోని ఫైళ్ల జాబితా నమోదులు), సెక్యూరిటీ డిస్క్రిప్టర్లు (ఏ ఫైలును ఎవరు తెరవవచ్చో చెప్పే నమోదులు) తుడవడం ఆరోగ్యంగా ఉన్న డ్రైవ్‌లోనూ జరిగే చిల్లర సర్దుబాటు. ‘మాస్టర్ ఫైల్ టేబుల్ బిట్‌మ్యాప్‌లో ఖాళీ స్థలం వాడినట్టుగా గుర్తించి ఉంది’ అన్న అర్థం వచ్చే వరుస కూడా తరచుగా ఈ కోవలోనిదే. దిద్దుబాట్లు చేశామన్న వాక్యానికి అర్థం, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టికల్లో పొరపాట్లు ఉంటే సరిచేశామని. కరెంటు హఠాత్తుగా పోవడం, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం వంటివి చాలు అలాంటి పొరపాట్లకు. సరిచేసిన తరువాత మరోసారి చేయించిన తనిఖీలో ‘ఫౌండ్ నో ప్రాబ్లమ్స్’ అని వస్తే ఆ విషయం అక్కడితో ముగిసినట్టే.

బ్యాడ్ సెక్టర్ల, అంటే డ్రైవ్‌లో చదవడానికి రాని చోట్ల సంగతి అలా కాదు. విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్ సాధారణంగా డ్రైవ్‌ను 4096 బైట్ల ముక్కలుగా, అంటే క్లస్టర్లుగా విడదీసి వాడుకుంటుంది. కాబట్టి 4 కేబీ అంటే ఒకే ఒక్క క్లస్టర్ చదవడానికి రాక, ఇకపై వాడకూడదని గుర్తు పెట్టారన్నమాట. ఒక్క క్లస్టర్‌తో ప్రళయం రాదు. నెల తిరిగేసరికి అదే 4 దగ్గర నిలిచి ఉంటే వాడుకోవచ్చు. 64, ఆ తరువాత 300 అంటూ పెరుగుతూ పోతే ఆ డ్రైవ్‌కు కాలం దగ్గరపడింది. మరో చిక్కు ఉంది. పాత డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి క్లోన్ చేసుకున్నవారికి ఆ గుర్తులు కూడా వెంట వచ్చేస్తాయి. కొత్త డ్రైవ్‌లో లోపం లేకపోయినా నివేదిక మాత్రం బ్యాడ్ సెక్టర్లు చూపిస్తుంది. అలాంటప్పుడు కమాండ్ చివర స్లాష్ బి (/b) ఎంపికతో చెక్‌డిస్క్ నడిపితే ఆ గుర్తులను తుడిచి, ఆ క్లస్టర్లను మళ్లీ పరీక్షిస్తుంది.

‘సమస్యలు లేవు’ అన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. పట్టికల పొరపాట్లు సరిచేసే స్లాష్ ఎఫ్ (/f) ఎంపికతో జరిగే తనిఖీలో మూడు దశలే ఉంటాయి, మూడింటిలోనూ చూసేది పట్టికలనే. మీ ఫొటోలు, ఫైళ్లు ఉన్న స్థలాన్ని అది చదవను కూడా చదవదు. ఆ పని నాలుగు, అయిదు దశలది, అవి స్లాష్ ఆర్ (/r) ఇచ్చినప్పుడే జరుగుతాయి. కాబట్టి మీ నివేదికలో మూడో దశతోనే ముగింపు కనిపిస్తే, డ్రైవ్ ఉపరితలం గురించి అది ఏమీ చెప్పనట్టే. స్లాష్ ఆర్‌కు ఓపిక కావాలి. సెకనుకు 100 మెగాబైట్లు చదివే 1 టెరాబైట్ డ్రైవ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు చదవడానికి 10,000 సెకన్లు, అంటే పావు తక్కువ మూడు గంటలకు పైనే పడుతుంది. చదవలేని చోట్ల పదేపదే ప్రయత్నిస్తుంది కాబట్టి దెబ్బతిన్న డ్రైవ్‌కు ఇంకా చాలా ఎక్కువ పడుతుంది.

సరిగ్గా ఇక్కడే నా హెచ్చరిక. నివేదికలో బ్యాడ్ సెక్టర్లు కనిపించాక, లేదా డ్రైవ్ టిక్కుటిక్కుమని శబ్దం చేస్తున్నప్పుడు, బాగుచేస్తుందన్న ఆశతో స్లాష్ ఆర్ నడపకండి. చావుబతుకుల మధ్య ఉన్న డ్రైవ్‌తో గంటల తరబడి చదివించడం దాని చివరి శక్తిని కూడా లాగేసుకోవడమే. ముందు అవసరమైన ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ తరువాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌తోనో, తయారీదారు ఇచ్చే పరికరంతోనో డ్రైవ్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కలు చూడండి. హార్డ్ డ్రైవ్ అయితే 5, 197, 198 సంఖ్యలున్న అంశాలు ముఖ్యం. అవి వరుసగా ఇప్పటికే మార్చేసిన సెక్టర్లను, తీర్పు కోసం వేచి ఉన్నవాటిని, సరిచేయలేకపోయినవాటిని తెలుపుతాయి. కొన్ని ప్రోగ్రాములు ఈ సంఖ్యలను 05, సి5, సి6 అని చూపిస్తాయి. రా వాల్యూ గడిలో సున్నాలుంటే మంచిదే, పెరుగుతున్న అంకెలుంటే కొత్త డ్రైవ్ చూసుకోవలసిందే.

ప్రశ్న: నేను అడగకపోయినా ప్రతిసారీ ఆన్ చేయగానే తనిఖీ మొదలవుతోంది. ఫలితంలో పెద్ద దోషాలేమీ కనిపించడం లేదు. ఎందుకిలా?

జవాబు: నివేదికలోని మొదటి వరుసలు చూడండి. ‘ఎ డిస్క్ చెక్ హ్యాజ్ బీన్ షెడ్యూల్డ్’ అని ఉంటే ఎవరో, ఏదో ప్రోగ్రామ్ కావచ్చు, తనిఖీ కోరినట్టు. ‘వన్ ఆఫ్ యువర్ డిస్క్స్ నీడ్స్ టు బి చెక్డ్ ఫర్ కన్సిస్టెన్సీ’ అని ఉంటే విండోస్‌కే ఆ డ్రైవ్ మీద అనుమానం వచ్చి, డర్టీ బిట్ అనే గుర్తు పెట్టుకున్నట్టు. తనిఖీ సవ్యంగా ముగిస్తే ఆ గుర్తు తొలగిపోవాలి. తొలగినా మళ్లీ మళ్లీ పడుతోందంటే కారణం వేరే చోట ఉంది.

అందుకు ఈసారి అప్లికేషన్ కాకుండా, దాని పక్కనే ఉండే సిస్టమ్ లాగ్‌ను తెరవండి. ఎన్‌టీఎఫ్ఎస్ పేరుతో 55 కనిపిస్తే ఫైల్ సిస్టమ్ పట్టికలు చెడుతున్నాయని, డిస్క్ పేరుతో 7 కనిపిస్తే డ్రైవ్‌లో చదవలేని చోటు తగిలిందని అర్థం. 7 వస్తుంటే పైన చెప్పినట్టు కాపీ చేసుకోవడంతో మొదలుపెట్టండి. 55 మాత్రమే వస్తుంటే కేబుల్ వదులుగా ఉందేమో చూసుకోవడం, కంప్యూటర్‌ను మధ్యలో ఆపేసే అలవాటు మానుకోవడం, ఒకసారి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్‌ను పరీక్షించడం ముందు చేయవలసినవి. ర్యామ్‌లో లోపముంటే డ్రైవ్ ఎంత బాగున్నా దాని మీదకు చేరే సమాచారమే తప్పుగా చేరుతుంది, చెక్‌డిస్క్ ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ చెడుతూనే ఉంటుంది.