ఖాళీ పడిన మాల్ స్థలంలో ఇళ్లు కట్టవచ్చా?

భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో జనం రాక వెలవెలబోయే మాల్ స్థలాన్ని ఇళ్లకు వాడవచ్చా అని అడిగారు. వాడవచ్చు, వాడాలి కూడా.

డెల్టాలో ఊరు పెరిగిందంటే తరిగేది వరి చేనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తరతరాలుగా కాలువ నీటితో పండుతున్న మాగాణి అది. గ్రావెల్ పోసి మెరక చేశాక మళ్లీ మడి కావడం కలలోని మాట. ఆ మెరక మురుగు కాలువకు అడ్డుపడితే పక్క చేలో వరి దుబ్బులు నీట మునిగి కుళ్లిపోతాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మాల్‌కు రోడ్డు, కరెంటు, నీటి గొట్టాలు ముందే ఉంటాయి. అమెరికాలోని లేక్‌వుడ్‌లో 1966 నాటి విల్లా ఇటాలియా మాల్‌ను కూల్చి, అక్కడే వీధులు, ఇళ్లు, దుకాణాలతో బెల్మార్ అనే పేటను కట్టారు.

పాత భవనాన్నే ఇళ్లుగా విడగొట్టడం మాత్రం కష్టం. దాని నడిమి భాగానికి వెలుతురూ గాలీ అందవు. కొత్తగా కడితే మన ఒండ్రు నేలకు మట్టి పరీక్ష తప్పనిసరి. చాలాచోట్ల పైల్ పునాదులు (నేలలో లోతుగా దింపే స్తంభాలు) వేయాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. కొనేవారు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.