ఎడ్‌టెక్ (చదువులో టెక్నాలజీ వాడకం) బ్లాగులు చదివితే క్లాసుకు పనికొచ్చేవి నిజంగా దొరుకుతాయా?

రోజూ పది బ్లాగులు చూస్తున్నా వాటిలోది క్లాసులో ఒక్కటీ వాడలేకపోతున్నానని మీ ప్రశ్నలో రాశారు. మొదటి రెండేళ్లూ నాదీ అదే గోల. ‘టీచర్లకు 50 అద్భుతమైన యాప్‌లు’ లాంటి పోస్టు కనిపిస్తే చాలు, బుక్‌మార్క్ చేసేసేదాన్ని. మళ్లీ తెరిచిన పాపాన పోలేదు.

నా పద్ధతి మార్చింది విద్యుత్ వలయాల పాఠం. ఒక టీచరు తన బ్లాగులో ఫెట్ (PhET) సిమ్యులేషన్ గురించి, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసే ఉచిత వెబ్‌సైట్‌లోని ఒక ప్రయోగం గురించి, రాశారు. లింకు పడేసి ఊరుకోలేదు. పిల్లల్ని ముందు ఏమడిగారో, వాళ్లు ఎక్కడ తికమకపడ్డారో, ఎంతసేపు పట్టిందో కూడా చెప్పారు. అచ్చం అలాగే చేశాను. ‘రెండో బల్బును సమాంతరంగా కలిపితే మొదటిది మసకబారుతుందా?’ అని అడిగి, జవాబు నోటుబుక్కులో రాయించాకే తెర మీద కలిపాను. వెలుగు తగ్గలేదు. అవునని రాసినవాళ్లు తీగలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇంతలో ఒకబ్బాయి వచ్చి బ్యాటరీ రెండు కొనల్నీ ఒకే తీగతో కలిపేశాడు. తెర మీద మంటలు! క్లాసంతా గొల్లుమంది. షార్ట్ సర్క్యూట్ గురించి ఆ రోజు నేను చెప్పింది రెండు ముక్కలే.

అప్పటినుంచి, క్లాసులో ఏం జరిగిందో రాసేవాళ్లనే చదువుతున్నాను. మొత్తం నాలుగు బ్లాగులు. వాటిని ఫీడ్లీలో (బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే యాప్) పెట్టుకుని వారానికోసారి, అదీ వచ్చే వారం పాఠాలు ఏమిటో చూసుకున్నాకే, తెరుస్తాను. పాఠం లేకుండా వెతికితే కొత్త యాప్‌లే కంటపడతాయి.

పోస్టు తేదీ చూడటం మాత్రం మరవకండి. పాత వెబ్ యానిమేషన్లు ఆడటానికి కావలసిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ 2020 చివర్లో ఆగిపోయింది. ఆ సంగతి గుర్తులేక, ఎవరో పాత పోస్టులో తెగ మెచ్చుకున్న జీవకణం యానిమేషన్‌ను పిల్లల ముందు తెరిచాను. ఖాళీ బూడిదరంగు డబ్బా! పది నిమిషాలు దానికే పోయాయి. ఇప్పుడు ముందురోజే, క్లాసులో వాడే కంప్యూటర్లోనే, తెరిచి చూస్తాను. పిల్లల ఈమెయిల్ అడిగేదైతే అక్కడే వదిలేస్తాను, ఎంత బాగున్నా సరే.

ఇంకో మాట. ఫెట్ సైట్‌లో సిమ్యులేషన్లతో పాటు టీచర్లు పంచుకున్న పాఠ ప్రణాళికలూ ఉంటాయి. సగం బ్లాగుల కంటే అవే నయం.

మీ సబ్జెక్టు ఏమిటో చెప్పలేదు. గణితమైతే జియోజీబ్రాలో (గణితాన్ని బొమ్మలతో కదిలించి చూపే ఉచిత సాధనం) ఒక్క పాఠం ఎంచుకుని వెతకండి. భాష అయితే మాత్రం నేను పెద్దగా సాయపడలేను, తెలిసినవాళ్లు ఎవరైనా కింద రాస్తే నాకూ పనికొస్తుంది.