కార్బన్ క్రెడిట్ల ప్రాజెక్టులో ఆడవాళ్లకు, వికలాంగులకు వాటా రావాలంటే సంతకానికి ముందే ఏం అడగాలి?

ప్రశ్న: వరిలో ఆరుతడి పద్ధతి, నేరుగా వెదజల్లే పద్ధతి పెట్టించి కార్బన్ క్రెడిట్లు అమ్ముతామని మా మండలానికి ఒక కంపెనీ వచ్చింది. మా గ్రామైక్య సంఘాన్ని మీటింగ్ పెట్టించమంటున్నారు. ఆడవాళ్లకు, మా ఊళ్లో వికలాంగులకు ఇందులో ఏమైనా దక్కుతుందా? అధ్యక్షురాలిగా నేను ఏం అడగాలి?

జవాబు: దక్కాలంటే ఇప్పుడే అడగాలి అక్కా. రైతులు సంతకాలు పెట్టి, కాగితాలు రిజిస్ట్రీకి (క్రెడిట్లను నమోదు చేసే సంస్థకు) వెళ్లాక అడిగితే "వచ్చే దశలో చూద్దాం" అంటారు, అంతే. ఉమ్మడి నల్గొండలో మహిళా సమాఖ్యలతో పనిచేస్తూ ఇలాంటి ప్రాజెక్టు ఒకదాన్ని రైతుల్ని చేర్చుకోవడం నుంచి మొదటి చెల్లింపు దాకా దగ్గరుండి చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు డబ్బు ఎక్కడ పుడుతుందో తెలియాలి. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటే మట్టికి గాలి ఆడక మీథేన్ పుడుతుంది. మధ్యమధ్య ఆరనిస్తే తగ్గుతుంది, ఆరుతడి అంటే ఇదే. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి ఇస్తారు. తగ్గిన మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లోకి మార్చి, టన్నుకు ఒక క్రెడిట్ లెక్కన, తమ కాలుష్యానికి బదులు చూపించుకోవాలనుకునే కంపెనీలకు అమ్ముతారు. ఆ క్రెడిట్ మీద హక్కును రైతు కంపెనీకి రాసివ్వాలి. రాసివ్వాలంటే పట్టా ఉండాలి. ఆడవాళ్లు జారిపోయేది ఇక్కడే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల చేతిలో ఉన్న కమతాలు 14 శాతం లోపే.

మా దగ్గర ఒక ఇంట్లో భర్త హైదరాబాద్‌లో వాచ్‌మన్. మోటారు వేసేది, గొట్టంలోకి పుల్ల దింపి తడి గుర్తు చూసేది, ఆ పుల్లను గొట్టం పక్కన పట్టుకుని యాప్‌లో ఫోటో పెట్టేది అంతా ఆమే. ఆ ఫోటోలు లేకపోతే క్రెడిట్టే లేదు. డబ్బు మాత్రం పాసుబుక్కును బట్టి ఆయన ఖాతాలో పడింది. పడిందన్న సంగతి కూడా మేం జాబితా చదివితేనే ఆమెకు తెలిసింది. ఎవరూ మోసం చేయలేదు. చేరిక ఫారంలో పట్టాదారు పేరు రాసే గడి ఉంది, సాగు చేసేవాళ్ల పేరు రాసే గడి లేదు. కాబట్టి మీరు మొదట అడగాల్సింది ఆ గడి. పట్టా ఎవరిదైనా సరే, రోజూ పని చేసేవాళ్ల పేరు ఒప్పందంలో రాయాలి, చెల్లింపులో ఇంత భాగం నేరుగా వాళ్ల ఖాతాకు అని అందులోనే ఉండాలి. కౌలుకు చేస్తున్నవాళ్లకూ ఇదే అడగండి. భూమి యజమానికి ఒక వాటా ఇచ్చి, మిగతాది కౌలుదారుకు ఇచ్చేలా రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

నాటు లేకుండా విత్తనం నేరుగా వేసే వెదజల్లే పద్ధతి గురించి మరీ జాగ్రత్త. కూలి ఖర్చు మిగులుతుందని రైతు మీటింగులో గొప్పగా చెప్తారు. మిగిలేది ఎవరి కూలి? నాట్ల ముఠాలదే. ఎకరాకు ఇంత అని గుత్తకు ఒప్పుకుని, సీజన్‌లో నాలుగు రాళ్లు సంపాదించుకునేది మన సంఘం సభ్యులే. బెంగాల్, బీహార్ ముఠాలు వచ్చి ఇప్పటికే ఆ పని సగం తగ్గింది. ఇప్పుడు నాటే పడకపోతే ఆ ఇంటి ఆదాయం నేరుగా పోతుంది. ఆరుతడిలో నాటు పని పోదు కానీ కలుపు పెరుగుతుంది, నడుం వంచేది మళ్లీ ఆడవాళ్లే. ఇదంతా ప్రాజెక్టు లెక్కల్లో కనపడదు, ఎందుకంటే లెక్క మీథేన్‌కే గానీ నడుం నొప్పికి కాదు. మీ ఊళ్లో నాట్లకు వెళ్లేవాళ్లెవరు, సీజన్‌లో ఎంత వస్తుంది అని సంఘం తరఫున మీరే ఒక కాగితం మీద రాసి కంపెనీకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. దానికి బదులు ఏం ఇస్తారో అడగండి. కలుపు యంత్రాలు, విత్తే యంత్రాలు సమాఖ్య పేరున కొనిచ్చి అద్దెకు తిప్పుకోనివ్వడం ఒక దారి. క్రెడిట్ల డబ్బులో కొంత భాగం గ్రామైక్య సంఘం నిధికి రావడం ఇంకో దారి. నా మట్టుకు రెండోది ముఖ్యం, ఎందుకంటే భూమిలేని ఆడవాళ్లకు ఈ మొత్తం వ్యవహారంలో దొరికేది అదొక్కటే.

ఇక వికలాంగుల విషయం. చాలా ప్రాజెక్టుల్లో వాళ్ల ప్రస్తావన మొక్కుబడిగా ఒక్క వాక్యం ఉంటుంది. పొలం పనికి రారు కదా అని అడగకుండానే తేల్చేస్తారు. మా మండలంలో పోలియో వచ్చిన ఒక తమ్ముడికి గట్ల మీద నడవడం కష్టం, కానీ రైతులు పంపిన ఫోటోలు తేదీలవారీగా సరిచూసి, తప్పినవాళ్లకు ఫోన్ చేసే పని అతనికి అప్పగించాక రికార్డుల్లో ఖాళీలు దాదాపు పోయాయి. అది జీతం ఉన్న పని. ఇలాంటి కొలువులు ప్రతి ప్రాజెక్టులో ఉంటాయి, కాకపోతే బండి నడిపి పొలాలు తిరగగలిగే కుర్రాళ్లనే తీసుకుంటారు. ఫలానా పనులు ముందు దివ్యాంగులకే అని రాయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం రిజర్వేషన్, అందులో వికలాంగ మహిళలకు ప్రాధాన్యం ఇవ్వమంటోంది. ప్రైవేటు కంపెనీకి అది నేరుగా వర్తించకపోయినా, అడగడానికి ఒక కొలమానం దొరికినట్టే.

చిన్నవిగా కనిపించే అడ్డంకులే వాళ్లను బయట పెడతాయి. మాకు చూపించిన యాప్‌లో బటన్లకు పేర్లు లేవు. చూపు లేని రైతు ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెడితే ప్రతిదానికీ "బటన్, బటన్" అనే వినిపించింది. కుష్టు నయమైన పెద్దాయనకు వేలిముద్ర పడక చేరికే ఆగిపోయింది. వినికిడి లేనివాళ్లు మైకులో చెప్పింది ఏం విన్నట్టు? గ్రామసభ మెట్లెక్కే భవనంలో పెట్టకపోవడం, వేలిముద్ర పడకపోతే ఓటీపీనో కంటిపాప స్కానో వాడడం, ఒప్పందాన్ని తెలుగులో ఆడియోగా ఇవ్వడం కంపెనీకి పెద్ద ఖర్చేం కాదు. చూపు లేదని ఒప్పందం ఇంకొకరి పేరున చేయమంటే ఒప్పుకోవద్దు. ఆస్తి, డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కు అదే చట్టం 13వ సెక్షన్‌లో ఉంది.

ఇంత అడిగితే వెళ్లిపోతారేమో అనే టెన్షన్ మీకు ఉంటుంది. మీ మీటింగ్ వాళ్లకెందుకు కావాలో ఆలోచించండి. మహిళలకు మేలు జరిగిందని చూపించగలిగిన క్రెడిట్‌కు కొనే కంపెనీలు ఎక్కువ ధర ఇస్తాయి. మీ సభ్యులు వరుసగా కూర్చున్న ఫోటో ఆ ధరలో భాగం. ఆ ఫోటోకు బదులుగా వాటా అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వోకాన్ అనే మహిళల సంస్థ తెచ్చిన డబ్ల్యూ ప్లస్ ప్రమాణం ఆడవాళ్లకు మిగిలిన సమయం, పెరిగిన ఆదాయం లాంటివాటిని విడిగా కొలుస్తుంది. అలాంటిది పెట్టుకుంటారా అని కూడా అడగండి.

భూమితో ముడిపడని ప్రాజెక్టులు ఆడవాళ్లకు ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. మన హిందూపురం పక్కనే, కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే బాగేపల్లిలో కూలీ సంఘాల కుటుంబాలకు 5,500 బయోగ్యాస్ ప్లాంట్ల ప్రాజెక్టు వచ్చింది. 2005లో ఐక్యరాజ్యసమితి వాళ్ల కార్బన్ క్రెడిట్ల పథకం సీడీఎం కింద నమోదైంది. అక్కడ అర్హత ఇంట్లో పశువులూ పొయ్యీ. ఆ రెండూ ఆడవాళ్ల చేతిలో ఉన్నవే. మీ మండలంలోనూ వరితో పాటు అలాంటిదేదైనా కలపమని అడిగి చూడండి.

చివరగా, ప్రాజెక్టు ఏ రిజిస్ట్రీలో నమోదవుతుందో పేరు, నంబరు రాయించుకోండి. వెర్రా అనే రిజిస్ట్రీ అయితే వెబ్‌సైట్‌లో పెట్టాక 30 రోజులు ఎవరైనా అభ్యంతరాలు పంపొచ్చు. కంపెనీకి ఇచ్చిన ఆ నాట్ల కూలి కాగితాన్నే సమాఖ్య తీర్మానంతో కలిపి అక్కడికి కూడా పంపండి. ఒప్పందం కాపీ చేతికొస్తే పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి చెల్లింపుల పేజీ ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.