రచ్చ అని రాసే ముందు

తమ్ముడూ, కథ చదివా. అన్నదమ్ముల ఆస్తి తగాదా బాగానే పట్టుకున్నావ్, డైలాగులు కూడా నడిచాయి, కానీ ఆ రచ్చ ఏంటయ్యా ప్రతి పేజీలో? వంటింట్లో గిన్నె పడినా రచ్చే, పిల్లలు అరిచినా రచ్చే, చివరికి హీరో మనసులో కూడా రచ్చే!

ఆ మాటకి సొంత చోటు ఒకటుంది. సంస్కృతంలో రథ్య అంటే రథం పోయే దారి, వీధి. అదే మన నోట్లో పడి రచ్చ అయ్యింది, వీధి కాస్తా నలుగురూ కూడే చోటయ్యింది, ఊరి పెద్దలు కూర్చుని తగువులు తీర్చే అరుగు రచ్చబండ అయ్యింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, అందులో గొడవెక్కడుంది చెప్పు, రచ్చ అంటే అక్కడ బయటి జనం, అంతే. 2009లో వైఎస్ రాజశేఖరరెడ్డి జనం దగ్గరికెళ్ళే కార్యక్రమానికి రచ్చబండ అని పేరు పెడితే ఎవరూ దాన్ని గొడవబండ అనుకోలేదు.

మరి గోల అనే అర్థం ఎట్లా వచ్చిందంటే, నాకు తోచింది ఇది: ఇంటి విషయం రచ్చకెక్కింది, రచ్చకీడ్చారు అంటాం కదా, ఇంటిగుట్టు నలుగురిలో పడ్డాక అరుపులూ కేకలూ ఎలాగూ ఉంటాయి, అట్లా చోటు పేరు పోయి ఆ చోట జరిగే గోలకి అంటుకునుంటుంది. ఇప్పుడైతే ఫ్యాన్స్ నోట్లో "రచ్చ లేపాడు" అంటే పొగడ్త కూడానూ.

అందుకే రచ్చ అన్నావంటే చూసేవాళ్ళుండాలి. నీ అన్నదమ్ములు తలుపులేసుకుని అరుచుకున్నారే, అది గొడవ. చిన్నోడు కాగితాలు పట్టుకుని వీధిలోకొచ్చి వదినని నానా మాటలన్నాడు చూడు, పక్కింటోళ్ళు గోడ మీంచి తొంగి చూశారు, అక్కడ వాడుకో రచ్చ అనే మాట, ఒక్కసారే.

మిగతావాటికి మాటలు లేకనా? పెళ్ళింట్లో సందడి. ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన హంగామాలో కాస్త షో ఉంటుంది, పది మందికీ కనపడాలని చేసే హడావిడి. ఏదో వార్త పొక్కి ఊరంతా కదిలితే కలకలం. రభస మాత్రం పేపరోళ్ళకి వదిలెయ్, సంస్కృతంలో దానికి వేగం, ఆవేశం లాంటి అర్థాలున్నాయి గానీ మనకి అసెంబ్లీ హెడ్డింగుల వాసనే వస్తుంది. వదిన తెలంగాణ మనిషని రాశావ్ కదా, ఆవిడ నోట లొల్లి రావాలి, "ఏం లొల్లి పెట్టినవ్ వాకిట్ల" అంటే సీన్ లేస్తుంది. కథ చెప్పేవాడిది మాత్రం గుంటూరు యాస, వాడికి అంటించకు.